భక్తియా, బేరమా?

(పెదపారుపూడి సభలో చేసిన ప్రసంగము)

జనులలో నధికులు ఆధ్యాత్మికజీవనమును నిక్కముగా నన్వేషించుచున్నారా? లేదనియే మా యభిప్రాయము. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కువారిలో పలువురు సంతానమును గోరుదురు. మాఘపూర్ణిమనాడు హంసలదీవి సాగరసంగమమున మునుగువారు పాపక్షయమును గోరుదురు. కోరుట తప్పు గాదు. బిడ్డలు లేని తల్లిని పరిహసింప మన మెవ్వరము? కాని, కోరిక యీడేరినంతనే దేవునితో పని తీరినదనుకొనుట బేరమేగాని యన్వేషణము గాదు.

1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను గొనిపోయినది. నాడు కులగోత్రములు తెలియని శవములను మోసి దహనము గావించినవారు తమకు పుణ్యమెంతయని లెక్కించియుండరు. అన్వేషణ మనగా మాకు వారే స్ఫురింతురు. అట్టివా రెప్పుడును కొలదిమందియే.

2028లో కృష్ణాపుష్కరములు రానున్నవి. మునుగుటకు లక్షలమంది వత్తురు. ముగిసిన మఱునాడు రేవులను కడుగుటకు మన పెదపారుపూడినుండి యెందఱు పోవుదురు?