చీకటి దారిని బాగు చేద్దాం, చదువును ఆపొద్దు



సాయంత్రం ఆరున్నర దాటింది. బస్సు ఊరి బయట రోడ్డు మీద ఆగింది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల దిగింది. అక్కడి నుంచి ఊళ్లోకి కిలోమీటరు దారి. ఒక పక్క చెరువు కట్ట. ఇంకో పక్క సర్కారు తుమ్మ పొదలు. దారి పొడుగునా ఆరు స్తంభాలున్నాయి. వెలిగేది ఒక్క లైటే. కల్వర్టు మీద నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. పిల్లను చూసి ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు పాట ఎత్తుకున్నాడు. పిల్ల తల వంచుకుంది. పుస్తకాల సంచి గుండెకు అదుముకుని గబగబా నడిచింది.

ఇంటికొచ్చి తల్లితో చెప్పిందా? చెప్పలేదు. చెబితే ఏమవుతుందో పిల్లకు తెలుసు. అందుకే నోరు మూసుకుంది. కాని నాలుగు రోజులకు విషయం తల్లికి తెలిసింది. తండ్రికీ తెలిసింది. నానమ్మ అనాల్సిన మాట అననే అంది. "చదివింది చాలు. ఇక సంబంధం చూడండి" అంది.

ఇది ఏ ఒక్క ఊరి మాటో కాదు. చాలా ఊళ్లలో జరిగేదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తప్పు ఎవరు చేశారు? ఈల వేసినవాడు. లోపం ఎక్కడుంది? దారిలో. మరి శిక్ష ఎవరికి పడింది? పిల్లకు. ఇదేం న్యాయం?

ఈ ప్రశ్న దూరదేశంలో ఆడవాళ్లు కూడా అడిగారు. కెనడా దేశంలో టొరంటో అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ మెట్రాక్ అనే సంస్థ 1989లో ఒక పద్ధతి తయారు చేసింది. ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి తాము రోజూ తిరిగే దారిలో నడవాలి. చేతిలో ప్రశ్నల కాగితం ఉండాలి. చీకటి ఎక్కడుంది? దాక్కునే మూలలు ఎక్కడున్నాయి? అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? నడుస్తూ చూడాలి. చూసింది రాయాలి. దీన్నే భద్రతా తనిఖీ అంటారు. ఈ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

అదే పట్నంలో 1991లో సిటీ బస్సులకు ఒక ఏర్పాటు చేశారు. రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా వెళ్లే ఆడమనిషి అడిగితే, స్టాపు కాకపోయినా ఆమెకు దగ్గరైన చోట బస్సు ఆపాలి. ఆమె ముందు తలుపు నుంచి దిగుతుంది. వెనక తలుపు తెరవరు. ఎందుకు? ఆమె వెనకాలే ఇంకొకడు దిగకుండా. చూశారా! దీనికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. బస్సు అదే, డ్రైవరు అతడే. ఆడవాళ్ల మాట విన్నారు. పద్ధతి మార్చారు. అంతే.

ఇక మన దేశానికి వద్దాం. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో కదిలే బస్సులో ఒక విద్యార్థిని మీద ఘోరమైన అత్యాచారం జరిగింది. ఆమె బతకలేదు. దేశమంతా కన్నీరు పెట్టింది. కోపంతో వీధుల్లోకి వచ్చింది. మరుసటి ఏడు, 2013లో, సేఫ్టీపిన్ అనే ఫోను సాధనం వచ్చింది. కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు దాన్ని మొదలుపెట్టారు. టొరంటోలో కాగితం మీద చేసిన పనినే ఇది ఫోనులో చేస్తుంది.

ఒక చోట నిలబడి తొమ్మిది సంగతులు చూడాలి. వెలుతురు ఉందా? చుట్టూ తెరిపిగా ఉందా, మూలలు, గోడలు అడ్డమా? దుకాణాల నుంచి, ఇళ్ల కిటికీల నుంచి మీరు కనిపిస్తారా? జనం ఉన్నారా? వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారా? పోలీసు గాని, కాపలా మనిషి గాని ఉన్నాడా? నడవడానికి సరైన బాట ఉందా? బస్సు, ఆటో దగ్గర్లో దొరుకుతాయా? చివరిది: అక్కడ నిలబడితే మీ మనసుకు ఎలా ఉంది? ఈ చివరి ప్రశ్న చిన్నదని అనుకోకండి. ఆడమనిషి భయాన్ని కూడా లెక్కలో రాసుకున్నారు. అది పెద్ద సంగతి.

ఈ జవాబులు పటం మీద గుర్తులుగా పడతాయి. కారుకు ఫోను కట్టి, రాత్రిపూట వీధి వీధీ ఫోటోలు తీసి కూడా చీకటి చోట్లు వెతికారు. ఢిల్లీలో అలాంటి చోట్లు 7 వేలకు పైగా తేలాయి. ఆ జాబితా ప్రభుత్వానికి అందింది. చాలా చోట్ల లైట్లు వెలిగాయి. "భయంగా ఉందమ్మా" అంటే ఎవరూ వినలేదు. "ఫలానా వీధిలో, ఫలానా చోట లైటు లేదు" అని రాసిస్తే విన్నారు.

మరి పల్లెలో ఏం చెయ్యాలి? పెద్ద ఫోను లేకపోతే పని ఆగిపోతుందా? ఆగదు. మీకు ఇప్పుడు అక్షరం వచ్చింది. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు.

సంఘంలో ఐదుగురు కలవండి. చదువుకునే ఆడపిల్లను ఒకర్తెను వెంట తీసుకెళ్లండి. దారి సంగతి ఆమెకే బాగా తెలుసు. పొద్దు గుంకాక బస్సు దిగే చోటు నుంచి ఇంటిదాకా నడవండి. కరెంటు స్తంభం మీద అంకె ఉంటే రాసుకోండి. లైటు వెలుగుతోందా, లేదా? లైటు ఉన్నా చెట్టు కొమ్మ అడ్డం పడిందా? పొదలు దారి మీదికి వచ్చాయా? బస్సు షెల్టరు లోపల ఎవరున్నారో బయటికి కనిపిస్తుందా? మరుగుదొడ్డికి వెళ్లే దారి ఎలా ఉంది? బావి దగ్గర, రేషను కొట్టు దగ్గర ఎలా ఉంది? ఒక్కొక్కటి ఒక్కో వరుసలో రాయండి.

ఆ తర్వాత గ్రామ పంచాయతీకి అర్జీ పెట్టండి. "లైట్లు వేయించండి" అని ఊరికే రాయకండి. ఏ స్తంభానికి లైటు లేదో, ఎక్కడ పొదలు కొట్టాలో రాయండి. తేదీ వెయ్యండి. అందరూ సంతకాలు చెయ్యండి. వేలిముద్ర కాదు, సంతకం! అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. గ్రామసభలో లేచి అడగండి. పది రోజులకు మళ్లీ వెళ్లి చూడండి. సోలారు లైటు వేస్తే దాని పలక తుడిచేది ఎవరు, బ్యాటరీ పోతే మార్చేది ఎవరు అని ముందే అడగండి. వేసిన నాడు వెలిగి, ఏడాదికి ఆరిపోయే లైటు వల్ల ఏం లాభం?

ఫోను సంగతి కూడా తెలుసుకోవాలి. ఆపద వస్తే 112 నంబరు. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం అన్నిటికీ ఇదొక్కటే. ఆడవాళ్ల సాయానికి 181. ఫోనులో ఆపద బటన్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధన పెట్టింది. దాని ప్రకారం సాదా ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవాలి. స్మార్టుఫోనులో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. అన్ని ఫోన్లూ ఒకలా ఉండవు. మీ ఫోనులో అది ఎలా పని చేస్తుందో తీరిగ్గా ఉన్నప్పుడే, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకోండి. ఆపదలో నేర్చుకోలేం కదా!

హైదరాబాదులో 2014 అక్టోబరులో షీ టీములు మొదలయ్యాయి. ఈ పోలీసులు మామూలు బట్టల్లో బస్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర ఉంటారు. ఏడిపించేవాళ్లను పట్టుకుంటారు. ఆడపిల్ల వద్దన్నా పదే పదే వెంటపడడం 2013 నుంచి చట్టంలో నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది నేరమే. ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులోనైనా తీసుకోవాలి. "ఇది మా పరిధి కాదు, పొండి" అనకూడదు.

అయితే ఒక మాట. ఫోను మంత్రదండం కాదు. చార్జింగు లేకపోతే పని చెయ్యదు. సిగ్నలు లేకపోతే పని చెయ్యదు. ఇంట్లో ఒక్కటే ఫోను ఉండి, అది మగవాళ్ల జేబులో ఉంటే ఆడవాళ్లకు ఏం సాయం చేస్తుంది? కెమెరా ఈల వేసినవాణ్ణి పట్టించాలి గాని, పిల్ల ఎటు వెళ్లిందో కాపలా కాయడానికి కాదు. సాధనం ఆడపిల్ల అడుగు ముందుకు వేయించాలి. వెనక్కి లాగితే అది ఇంకో సంకెల అవుతుంది.

అలాగే కల్వర్టు మీది కుర్రాళ్లు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఏదో ఒక ఇంటి కొడుకులే. ఆడపిల్లకు "తల వంచుకుని నడువు" అని నేర్పే నోటితోనే, కొడుక్కి "తల వంచుకునేలా బతకొద్దురా" అని చెప్పాలి. ఏ దీపమూ చెయ్యలేని పని అది.

ఇంత పని ఆడవాళ్ల వల్ల అవుతుందా అంటారా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకున్నారు. తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. అందరూ కలిసి ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు ఊరూరా అంటుకుంది. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. సారా కొట్టు మూయించిన చేతులకు ఐదు లైట్లు వేయించడం కష్టమా?

మొదట చెప్పిన పిల్ల ఇప్పుడు ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. పుస్తకాల సంచి మేకుకు వేలాడుతోంది. నానమ్మ మాట ఇంకా ఖాయం కాలేదు. తల్లి ఏ సంగతీ తేల్చుకోలేదు.

ఆ తల్లి దగ్గరికి మీలో నలుగురు వెళ్లండి. "పిల్లను ఆపకు వదినా. దారి సంగతి అందరం చూద్దాం. లైట్లు వచ్చేదాకా, రోజుకు ఇద్దరం బస్సు దగ్గరికి ఎదురెళ్దాం" అనండి.

అర్జీ రేపు రాయవచ్చు. ఈ మాట ఇవాళే చెప్పండి.