కంపోజిటర్ రెకబారెన్

ఏటా ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పత్రిక నడపడమే కాదు, అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్ రాని రోజున తానే స్టిక్కు పట్టుకుని కంపోజింగుకు కూర్చునేవారు. ఆయన వేళ్ల నలుపు చూసినవాళ్లు ఈ హాల్లో ఇంకా ఉన్నారు. అందుకే ఈసారి చిలీ దేశపు ఒక కంపోజిటర్ గురించి మాట్లాడదామనిపించింది.

లూయిస్ ఎమిలియో రెకబారెన్ 1876లో వాల్పరైసో రేవుపట్నంలో పుట్టాడు. పసితనం తీరకుండానే అచ్చాఫీసులో చేరాడు. అయితే ఆయన్ని తయారుచేసింది ఉత్తరాన ఉన్న అటకామా ఎడారి. వాన ఎరగని ఆ నేలలో నైట్రేటు దొరుకుతుంది. యూరప్ పొలాలకు ఎరువూ, తుపాకులకు మందూ అదే. గని ఉన్నచోటల్లా ఒక ఊరు, ఊరంతా కంపెనీదే.

అక్కడ కూలి డబ్బుల్లో కాదు, బిళ్లల్లో ఇచ్చేవారు. బిళ్ల మీద ఆ గని పేరు ఉంటుంది. అది కంపెనీ కొట్లోనే చెల్లుతుంది. బయట మార్చుకోబోతే వట్టం పోయేది. కొట్లో ధరా వాళ్లదే, తూకమూ వాళ్లదే.

1903లో టొకొపిల్లా రేవు కార్మిక సంఘం పత్రిక నడపడానికి రెకబారెన్‌ను పిలిచింది. మరుసటేడు జైల్లో పెట్టారు. 1906లో అదే ప్రాంతం ఆయన్ని పార్లమెంటుకు పంపింది. అక్కడ సభ్యులు దేవుడి మీద ప్రమాణం చెయ్యాల్సి ఉండేది. నేను దేవుణ్ణి నమ్మనని సభలోనే చెప్పాడు. రభసైంది. చివరికి సీటు దక్కనివ్వలేదు. ఆయన నోరు మూసుకుని ఉన్నా ఇంకో సాకు వెతికేవారనే నా అనుమానం.

1907 డిసెంబరులో గని కార్మికులు ఎడారి దాటి ఇకీకే పట్నానికి దిగారు. రెకబారెన్ అప్పుడు దేశంలో లేడు. వాళ్ల కోర్కెల పత్రం ఒక్కసారి చూడండి. బిళ్లలకు పూర్తి విలువ ఇవ్వాలి. ఖనిజం మరిగే తొట్లలో మనుషులు పడిపోకుండా ఇనప జాలీలు వెయ్యాలి. కొట్టు బయట ఒక త్రాసూ, ఒక కొలకర్రా పెట్టాలి, తాము కొన్నది తామే సరిచూసుకోవడానికి. అడిగింది రాజ్యం కాదండీ, త్రాసు! 21న శాంటా మరియా బడి దగ్గర జనరల్ సిల్వా రెనార్ వాళ్ల మీద కాల్పులు జరిపించాడు. చచ్చినవాళ్లు వందలా, వేలా అన్న తగువు ఇంకా తెగలేదు.

రెకబారెన్ తిరిగొచ్చి ఆ ఇకీకేలోనే మకాం పెట్టాడు. 1912 జనవరిలో ‘కార్మికుల మేల్కొలుపు’ అనే పత్రిక, జూన్‌లో సోషలిస్టు కార్మిక పార్టీ. ఈ వరస గమనించాలి: ముందు పత్రిక, తర్వాతే పార్టీ. గని ఊళ్లో కంపెనీ తూకాన్ని ప్రశ్నించే త్రాసు ఆయనకు అచ్చుయంత్రంలో కనిపించింది.

1921లో ఆంటొఫగాస్టా నుంచి గెలిచి పార్లమెంటులో కూర్చున్నాడు. 1922లో ఆ పార్టీయే కమ్యూనిస్టు పార్టీ అయింది. అదే ఏడు రష్యా వెళ్లాడు. 1924 డిసెంబరు 19న శాంటియాగోలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. కారణాల గురించి చాలామంది చాలా రాశారు. నేను ఆ జోలికి పోను.

జర్మన్లు గాలి నుంచి నైట్రేటు తీసే పద్ధతి కనిపెట్టాక ఎడారి ఊళ్లు ఒక్కొక్కటే పాడుబడ్డాయి. హంబర్‌స్టోన్ అనే గని ఊరు 2005 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. కంపెనీ కొట్టు ఇప్పటికీ అక్కడ నిలిచే ఉంది.