పసిపిల్లలు బడినుండి తెచ్చు వింతమాటలు
(ఆత్మకూరు వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన సంఘ సభలయందు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. అక్షరాభ్యాసమైనను కాని శిశువును గూర్చి మాటాడువారు అరుదు. చిరకాలము ఉపాధ్యాయవృత్తియందుండి విశ్రాంతి గైకొన్న నేను, రెండు మూడేండ్ల పసివారు బడినుండి యింటికి తెచ్చు వింతమాటలను, వింతచేష్టలను నేటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని. విషయము చిన్నదని తలంపవలదు.

పూర్వము పసివాడు అవ్వ యొడిలోనే మాటలు నేర్చెడివాడు. వాడేమి పలికినను అది యెక్కడిదో యింటివారెఱుగుదురు. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 ప్రాజెక్టులతో ప్రారంభమైనది. అంగన్‌వాడీలు పల్లెపల్లెకు వచ్చినది ఆ పథకమువలననే. ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు రాజధానియై పండితుల నాదరించిన యీ ఆత్మకూరునందును నేడు పసివారు కొందఱు అంగన్‌వాడీకిని, కొందఱు ఆంగ్లమాధ్యమపు నర్సరీకిని పోవుచున్నారు. వారి దినమున సగము తల్లి చూడని తావున గడచుచున్నది. సాయంకాలము వాడు తెచ్చిన మాటకు మూలమేదో ఆమెకు తెలియదు. చిక్కంతయు నిచటనే యున్నది.

శిశువునకు శబ్దార్థజ్ఞాన మెట్లు కలుగునో మన శాస్త్రకారులు చక్కగా విచారించిరి. పెద్దవాడొకడు "ఆవును తెమ్ము" అనును. వేఱొకడు తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచుచుండును. ఆ వాక్యమంతటికిని ఆ పని యర్థమని మాత్రమే వానికి తోచును. పిమ్మట "ఆవును కట్టుము", "గుఱ్ఱమును తెమ్ము" అను వాక్యములను వినును. ఒక మాట పోయి మఱియొకటి వచ్చినప్పుడు పనిలో నేది మాఱెనో కనిపెట్టి, ఏ మాటకేది యర్థమో విడదీసికొనును. ఇట్లు మాటలను చేర్చుటయు తీసివేయుటయు ఆవాపోద్వాపములనబడును. ఇందు గమనింపదగినదేమనగా, ఆ బాలునకు అర్థము చెప్పినవా డెవ్వడును లేడు. తానే చూచి యూహించెను. చూచినది కొంచెమైనచో ఊహ తప్పవచ్చును. కాని యది మతిలేని మాట కాదు.

ఒక యింట మూడేండ్ల పిల్లవాడు గడప కడ నిలిచి "మేకమ్మిన టీచర్" అని పదేపదే యనుచుండెను. "మీ టీచరమ్మ ఏ మేక నమ్మిందిరా నాయినా?" అని అవ్వ యడుగగా అందఱును నవ్విరి. పిల్లవాడు ఏడ్చెను. వాడు పలికినది "మే ఐ కమిన్ టీచర్" అను ఆంగ్లవాక్యము. లోపలికి రావచ్చునా యని దాని యర్థము. తెలియని ధ్వనులలో తెలిసిన మేకను వెదకికొనుట వాని బుద్ధి పని. గడప కడనే పలుకుటచేత ఎచట పలుకవలెనో వాడు సరిగానే గ్రహించినాడని తెలియుచున్నది. నవ్వుటకు బదులు "ఈ మాట ఎప్పుడు చెప్పుదురు నాయినా?" అని యడిగియున్నచో వాడే చూపియుండును.

మఱియొక శిశువు "ఇండ్లు" అనక "ఇల్లులు" అనును. తప్పని మందలింతుము. కాని ఆ మాట వానికెవరు నేర్పిరి? బహువచనసూత్రమును తానే కనుగొని యంతటను ప్రయోగించినాడు. జీన్ బెర్కో అను విదుషి 1958లో ప్రకటించిన పరిశోధనయందు, లోకమున లేని ప్రాణి బొమ్మను పిల్లలకు చూపి "వగ్" అని పేరు చెప్పి, రెండున్నచో నేమందువని ప్రశ్నించెను. ఎన్నడును వినని పదమునకు అనేకులు తామే బహువచనము కూర్చిరి. వ్యాకరణము శిశువు బుద్ధియందే మొలకెత్తుచున్నదనుట కిది నిదర్శనము.

ఇవి నవ్వి విడువదగినవి. విడువరానివియు గలవు. నేనెఱిగిన యొక యింట, తాత గొంతు పెంచినంతనే చిన్నది చేతులు కట్టుకొని పెదవులపై వ్రేలుంచుకొని కదలక నిలుచుచుండెను. దిష్టి తగిలెనని తాయెత్తు కట్టిరి. తల్లి బడికి పోయి చూడగా, పిల్లలందఱును ఆ విధముగనే గంటసేపు కూర్చుండియుండిరి! వేఱొక పిల్ల బొమ్మలను వరుసగా నిలిపి పుల్లతో కొట్టుచుండెను. శిశువు ఒకనాడు చూచినదానిని మఱునాడు అనుకరించి చూపగలదని పియాజే పండితుడు తన కుమార్తెయందే గమనించి, 1945లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అప్పటికి ఆ బిడ్డ వయస్సు పదునాఱు మాసములు. మాటలు చాలని శిశువునకు ఆటయే వాఙ్మూలము. అది యెచట నేర్చెనో విచారింపక పిల్లనే దండించుట న్యాయమా?

ఇంకొకటి. బిడ్డ "నీళ్లు కాదు, వాటర్ అనాలె" యని తల్లిని దిద్దును. తండ్రి మురియును. ఆంగ్లము నేర్చుట తప్పు గాదు. కాని తల్లి మాట తక్కువదని ఆ పసి మనస్సున నాటుకొన్నచో, పదియేండ్ల పిదప తల్లి చెప్పు మంచియు తక్కువదిగనే తోచును. "బడిలో వాటర్, మనింట్ల నీళ్లు, రెండూ మంచిగనే ఉంటయి బిడ్డా" అని తల్లి ధైర్యముగా చెప్పవలెను.

చివరిమాట కఠినమైనది. మన యింటినుండి బడికి పోవునదియు గలదు. అన్యకులమువారిని గూర్చి మనము తేలికగా నను మాటను పసివాడు అర్థమెఱుగకయే తోటిబిడ్డపై ప్రయోగించును. ఆ బిడ్డ దానిని తన యింటికి మోసికొనిపోయి "అంటే ఏందమ్మా?" యని యడుగును. ఆ తల్లి యేమి చెప్పగలదు? ఒకే పంక్తిని కూర్చుండి బువ్వ తినుచున్న బిడ్డల నడుమ ఆ మాటను వేసినవారము మనమే గదా! మన కులముయొక్క మేలు కోరి కూడిన యీ సభయందే ఈ మాట అనవలెనని తలంచి యంటిని.

కావున మూడు మనవులు. పిల్లవాని వింతమాటకు నవ్వక, కొట్టక, ఎప్పుడు, ఎవరు, ఎట్లు అని మెల్లగా నడుగుడు. మాసమున కొకసారియైనను బడికి పోయి, కొంతసేపు కూర్చుండి చూడుడు. టీచరమ్మతో తగవునకు గాక తెలిసికొనుటకు మాటాడుడు. ఇంట మన నోటిని మనమే కాచుకొందము. శాస్త్రములోని ఆ బాలుడు నేడును మన ప్రక్కనే నిలిచి, మాటను పనితో సరిచూచుకొనుచున్నాడు.