‘వర్క్ యాక్సిడెంట్’ అని చెప్పండి

(తువాస్ కార్మికుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము సూపర్‌వైజర్లం. సైట్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆఫీసుకు మొదటి ఫోన్ చేసేది మేమే. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకుంటామో మీకు వినపడదు. ఇవాళ అది కూడా చెబుదామని నిలబడ్డాం.

మూడేళ్ల కిందటి మాట. ఇక్కడే తువాస్‌లో ఒక సైట్. సాయంత్రం నాలుగు దాటింది, వాన పట్టేలా ఉంది, ఫార్మ్‌వర్క్ ప్యానెల్ తొందరగా దించాలని అందరికీ ఆత్రం. ప్యానెల్ ఊగింది. మన సోంపేట వైపు తమ్ముడొకడి కుడిచేతి రెండు వేళ్లు ప్యానెల్‌కీ గోడకీ మధ్య నలిగిపోయాయి. 995కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి. పిలవలేదు. లారీ వెనక కూర్చోబెట్టి, కంపెనీ ఎప్పుడూ పంపే క్లినిక్‌కి తీసుకుపోయాం. దారిలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ‘డార్మ్‌లో తలుపు సందున పడిందని చెప్పించండి.’

ఆ మాట బాస్ ఇంగ్లీషులో చెప్పి ఉంటే వాడికి అర్థమయ్యేది కాదు. తెలుగులో చెప్పింది మేము. ‘మీరు చెప్తే సరే అన్నా’ అన్నాడు.

క్లినిక్‌లో కట్టు కట్టి, రెండు రోజులు ఎంసీ ఇచ్చారు. మూడో రోజు పొద్దున సైట్‌లో ఎడమ చేత్తో చీపురు పట్టుకొని ఊడుస్తున్నాడు. వారం తిరిగేసరికి చెయ్యి వాచి జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా తువాస్ లింక్‌లో రైలెక్కి, తొమ్మిది స్టేషన్లు పోయి, జురాంగ్ ఈస్ట్‌లో దిగి ఎన్‌జీ టెంగ్ ఫాంగ్ ఆస్పత్రికి ఒక్కడే వెళ్లాడు. ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలింది. చీము పట్టింది. చూపుడువేలు పై కణుపు తీసేశారు. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ఇంకేం, రెండు కాగితాలు తయారయ్యాయి. ఒకదాంట్లో డార్మ్ తలుపు, ఇంకోదాంట్లో సైట్ ప్యానెల్. క్లెయిం పెట్టాక ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకున్నది ఇదే. ఏది నిజం అన్నారు. నెలలు గడిచాయి. ఆఖరికి పక్కన పనిచేసిన కుర్రాడు ఫోన్‌లో తీసిన ఫొటో దొరికింది, లారీ డ్రైవరు మాట సాయం చేశాడు. మాలో ఒకరం కూడా ఎంఓఎంకి వెళ్లి, అబద్ధం చెప్పించింది మేమేనని స్టేట్‌మెంట్ ఇచ్చాం. ఆలస్యంగా ఇచ్చాం. భయపడ్డాం, ఉద్యోగం మాకూ కావాలి. క్లెయిం పాసయ్యింది. కణుపు మాత్రం తిరిగి రాలేదు.

కంపెనీలు ఎందుకు దాస్తాయంటే, తనిఖీలొస్తాయని, డీమెరిట్ పాయింట్లు పడతాయని, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుందని భయం. పెద్ద ప్రమాదాన్ని ఎవరూ దాచలేరు. 2021 ఫిబ్రవరి 24న తువాస్ అవెన్యూ 11లో పేలుడు జరిగితే ముగ్గురు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. విచారణ కమిటీ కూర్చుంది, పేపర్లన్నీ రాశాయి. దాచేవన్నీ చిన్నవి. వేలు, నడుం, మోకాలు, కంట్లో పడ్డ నలుసు.

ఇప్పుడు చట్టం సంగతి. వర్క్ ఇంజ్యూరీ కాంపెన్సేషన్ యాక్ట్, పొట్టిగా ‘వికా’. 2019లో చేసిన కొత్త చట్టం 2020 సెప్టెంబర్ 1 నుంచి నడుస్తోంది. తప్పు ఎవరిదని ఈ చట్టం అడగదు. నీ చెయ్యే జారినా సరే, పనిలో ఉండగా తగిలితే చాలు. తాగి ఉంటేనో, కొట్లాటలో తగిలితేనో వేరే లెక్క. వర్క్ పర్మిట్ వాళ్లకూ వర్తిస్తుంది. లాయరు అక్కర్లేదు. పాత రోజుల్లో మూడు రోజులకు మించి ఎంసీ ఉంటేనే చాలా దెబ్బలు రిపోర్టయ్యేవి. అందుకే రెండు రోజుల ఎంసీలు ఎక్కువ కనపడేవి. ఇప్పుడు ఒక్క రోజు ఎంసీ రాసినా, లైట్ డ్యూటీ రాసినా యజమాని ఎంఓఎంకి రిపోర్టు చేయాలి. దెబ్బ సంగతి తెలిసినప్పటి నుంచి పది రోజులు గడువు. వాళ్లు చేయకపోతే మీరే చెప్పవచ్చు. క్లెయిం మాత్రం ప్రమాదం జరిగిన ఏడాదిలోపు పెట్టాలి.

వచ్చేవి మూడు. వైద్యం ఖర్చు ఒకటి. అది ఏడాది దాకా, లేదా 53,000 డాలర్ల దాకా, ఏది ముందైతే అది. ఈ అంకె 2025 నవంబర్ 1 తర్వాతి ప్రమాదాలకు. అంతకుముందువి అయితే 45,000. రెండోది ఎంసీ రోజుల జీతం. ఆస్పత్రిలో చేరకపోతే 14 రోజుల వరకు, చేరితే 60 రోజుల వరకు పూర్తిగా ఇవ్వాలి. ఆ పైన మూడింట రెండు వంతులు, ప్రమాదం జరిగిన ఏడాది దాకా. మూడోది, అవయవానికి శాశ్వతంగా నష్టం జరిగితే ఒకేసారి ఇచ్చే మొత్తం. మనిషి పోతే కుటుంబానికి ఇచ్చేదీ ఇందులోదే.

ఈ మూడోదాని లెక్క దగ్గర కొంచెం నిలబడాలి, మనవాళ్లు మోసపోయేది ఇక్కడే. నష్టం ఎంత శాతమో డాక్టరు రాస్తాడు. దాన్ని మీ నెల సంపాదనతో, వయసును బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. నలభై ఏళ్లు, అంతకు లోపు వాళ్లకు ఆ అంకె 181. నెల సంపాదన అంటే ఒట్టి బేసిక్ కాదు. ఏడాది సగటు, ఓటీతో కలిపి. ఒక కుర్రాడి బేసిక్ 700 డాలర్లు, ఓటీతో సగటున 1,200 వస్తోందనుకుందాం. డాక్టరు 5 శాతం రాశాడు. 1,200తో లెక్కేస్తే 10,860 డాలర్లు. 700తో లెక్కేస్తే 6,335. తేడా 4,525 డాలర్లు. ఊళ్లో వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టిన డబ్బు ఎంతో ఎవరికి వాళ్లు గుర్తు చేసుకోండి. ఆ తేడా తేల్చేది మీ పేస్లిప్, మీ బ్యాంకు ఖాతా. పేస్లిప్‌ను మడిచి పర్సులో పెడితే చెమటకు అక్షరాలు పోతాయి. నెల నెలా ఫొటో తీసి ఇంటికి పంపించుకోండి. అసెస్‌మెంట్ నోటీసు వచ్చాక అంకె తప్పనిపిస్తే అభ్యంతరం చెప్పడానికి 14 రోజులే ఉంటాయి.

‘క్లెయిం పెడితే పర్మిట్ కొట్టేసి పంపేస్తారు కదా అన్నా’ అని అందరూ అడుగుతారు. పర్మిట్ రద్దు చేసిన సందర్భాలు ఉన్నాయి, లేవని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. కానీ క్లెయిం నడుస్తుండగా ఇక్కడ ఉండటానికి స్పెషల్ పాస్ ఇస్తారు. దాని మీద పని చేయకూడదు, కష్టం అంతా అక్కడే. చేతిలో పని ఉండదు, ఇంటి నుంచి ఫోన్లు ఆగవు. సోంపేట తమ్ముడు అలా ఉన్న రోజుల్లో టీడబ్ల్యూసీ2 వాళ్లు లిటిల్ ఇండియాలో పెట్టే ఉచిత భోజనానికి వెళ్లేవాడు. దెబ్బతిని పని లేకుండా ఉన్నవాళ్ల కోసం 2008 నుంచి నడుపుతున్నారు దాన్ని. హెల్త్‌సర్వ్ ఉంది, మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ ఉంది. తెలుగు మాట్లాడేవాళ్లు ప్రతిచోటా దొరక్కపోవచ్చు. మన ఫోరం నుంచి ఒకరు తోడు వస్తారు.

ఇంగ్లీషు రాదని నోరు మూసుకోవద్దు. డాక్టరు ముందు రెండే మాటలు చాలు: ‘వర్క్ యాక్సిడెంట్’. తర్వాత చేత్తో చూపించండి. ఎన్ని గంటలకు, ఏ పనిలో, ఎక్కడ జరిగిందో రాయించుకోండి. పక్కన ఎవరున్నారో వాళ్ల ఫోన్ నంబరు అడిగి పెట్టుకోండి. కట్టు కట్టకముందే వీలైతే ఫొటో. చదవలేని కాగితం మీద సంతకం పెట్టమంటే, రేపు పెడతానని చెప్పి ఫొటో తీసి మాకు పంపండి.

ఇక్కడ కూర్చున్న తోటి సూపర్‌వైజర్లకు ఒక మాట. ఆ ఫోన్ మీకూ వస్తుంది. వచ్చినప్పుడు ‘అంబులెన్స్ పిలిచేశాం సార్’ అని చెప్పండి. పిలిచేశాక ఇంకేం మాట్లాడాల్సిన పని ఉండదు. మేము ఇప్పుడు అలాగే చేస్తున్నాం. రెండుసార్లు తిట్లు తిన్నాం, ఉద్యోగాలు ఉన్నాయి.

భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గర కూర్చుంటాం. ఎంసీ కాగితాలు, పేస్లిప్‌లు ఉన్నవాళ్లు పట్టుకురండి, ఒక్కొక్కటీ చూద్దాం. దెబ్బ తగిలి ఏడాది కావస్తున్నవాళ్లను ముందు పంపండి.