పురిటికి పోవునపుడు పరీక్ష కార్డు మరువరాదు
(గ్రామ మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠము)



తొలికాన్పునకు కూతురిని పుట్టింటికి తీసికొని వచ్చుట మన ఆచారము. ఆనాడు పసుపు కుంకుమలు మరువము, చీరెసారెలు మరువము. కాని అత్తవారి ఊరిలో ఆమెకు చేసిన రక్తపరీక్షల కార్డును మాత్రము తరచుగా అక్కడనే విడిచి వచ్చుచున్నాము. నేడు మేము మీతో మనవి చేయదలచినది ఆ కార్డును గురించియే.

హెపటైటిస్-బి అను వైరస్ కాలేయమును పీడించునది. అది కలిగిన తల్లికి కామెర్లు కానరాకపోవచ్చును. ఆమె ఆరోగ్యముగనే పనిపాటలు చేసికొనుచుండును. రక్తపరీక్ష వలననే అది బయటపడును. కాన్పు సమయమున తల్లి రక్తము ద్వారా అది బిడ్డకు సోకును. పెద్దలకు సోకినచో నూటికి తొంబదియైదుగురికి పైగా కోలుకొందురు. పుట్టుకతో సోకిన బిడ్డలలోనో, పదిమందికి తొమ్మండుగురిలో అది నిలిచిపోవును. పెద్దయిన పిమ్మట కాలేయము గట్టిపడుటకు, క్యాన్సరుకు దారితీయవచ్చును.

దీనికి నివారణ కలదు. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా టీకా వేయించవలెను. పిదప 6, 10, 14 వారములకు తక్కిన టీకాలు. తల్లికి వైరస్ ఉన్నచో 12 గంటలలోగా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అను సూదిమందును కూడ బిడ్డకు ఇత్తురు. ఈ మందు అన్నిచోట్ల సిద్ధముగా నుండదు. కనుకనే ఫలితము ముందుగా తెలియవలెను. వైరస్ అధికముగా నున్న తల్లికి వైద్యులు నెలలు నిండకముందే మాత్రలు ఇత్తురు. టీకా పొందిన బిడ్డకు తల్లి నిస్సంకోచముగా పాలీయవచ్చును.

ఈ టీకాను 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తయారుచేసి విడుదల చేసినది. నేడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో బిడ్డలకు ఉచితముగా వేయుచున్నారు.

అత్తమామలకు ఒక్క మాట. పరీక్షలో వైరస్ కనబడినంత మాత్రమున కోడలి నడతను శంకించుట అన్యాయము. ఆమె పుట్టిననాడే తన తల్లి నుండి సోకియుండవచ్చును. ఆనాడు ఈ టీకా లేకపోయి యుండవచ్చును. కలిసి భుజించుట వలన ఇది అంటదు. ఆమెకు వేరు కంచము పెట్టనక్కరలేదు. భర్తకును పరీక్ష చేయించి, అవసరమైనచో టీకా వేయించవలెను.

గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పోయి హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. పరీక్షలు చేయించుకొనుడు. పురిటికి పోవునపుడు కార్డును సారెతోపాటు మూటగట్టుడు. కాన్పు చేయువారి చేతికి మొదట దానినే ఇండు. తల్లి నుండి కూతురికి వచ్చిన ఈ వ్యాధి మనుమరాలి దాక పోకుండ ఆపుట మన చేతిలోనే యున్నది.