కోరింగ మడ అడవిలో ఒక ఉదయం

గోదావరి గౌతమీ పాయ సముద్రాన్ని చేరే చోట, కాకినాడకు దగ్గర్లోనే ఉంది కోరింగ మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చెట్ల నడుమ వేసిన చెక్క బాట మీద ఎండెక్కకముందే నడవండి.

ఆటు వేళ నీరు తీసినప్పుడు, బురదలోంచి పెన్సిళ్లలా నిటారుగా పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు కనుక తెల్లమడ చెట్టు వేర్లు ఊపిరి పీల్చుకునేది వీటితోనే. పక్కనే చిన్న పీతలు అలికిడికి బొరియల్లో దూరిపోతాయి. తిల్ల చెట్టును మాత్రం తాకకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

చేప పిల్లలు, రొయ్య పిల్లలు పెరిగేది ఈ వేర్ల నీడనే. తుపాను అలల ఉధృతిని తగ్గించేదీ ఈ అడవే. అందుకే తాగేసిన నీళ్ల సీసాలు అక్కడ పారేయకండి. పిల్లల్ని తప్పక వెంటబెట్టుకెళ్లండి, ఇవన్నీ చూపించండి.