అంతర్జాల విపణిలో బస్తరు సరకు
(ప్రసంగ పాఠము)



బస్తరు సంతకు అడవినుండి చింతపండు గంపతో వచ్చు స్త్రీకి తన సరకు మేలైనదని తెలియును. అది జగదల్‌పూరు దాటిన పిమ్మట ఏ ధర పలుకునో తెలియదు. తూకము, ధర, దూరపు బజారుల కబురు మూడును చిరకాలము వర్తకుని చేతనే ఉండెడివి. ఉప్పునకు చింతపండు మారకమిచ్చిన దినములు అంత పాతవి కావు. 1999లో బస్తరులో సాగిన ‘ఇమ్లీ ఆందోళన్’ ఈ అసమానతను తొలగించుటకై పుట్టినదే. సరకు ఒకరి చేత, సమాచారము మరియొకరి చేత ఉన్నప్పుడు లాభము సమాచారము గలవానినే చేరుట లోకరీతి.

నేడు సంత అంతర్జాలములోనికి వచ్చినది. 1987లో ఏర్పడిన ట్రైఫెడ్ సంస్థ, 2020 అక్టోబరు 2న గిరిజనుల వస్తువులకై ‘ట్రైబ్స్ ఇండియా’ అంతర్జాల విపణిని ప్రారంభించినది. కొండగావ్‌లో ఘడ్వా శిల్పి పోతపోసిన ఢోక్రా ఏనుగును విశాఖపట్టణపు గృహిణి ఇంట కూర్చుండియే కొనవచ్చును. అయితే ఈ సంతలో కొనువారి ముఖము కానరాదు. చూచి మరలిపోయినవారి మాట వినరాదు. వారి జాడగా అంకెలు మాత్రము మిగులును. ఆ అంకెలను కూర్చి, పోల్చి, నిర్ణయమునకు దారి చూపు విద్యకే ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ అని పేరు. కార్యాలయములలో నెలవారీ పట్టికలు వ్రాయువారికి ఇది అపరిచితము కాదు. పట్టికను పైకి పంపి మరచుట ఒకటి. దానిని చదివి పనిని మార్చుకొనుట వేరొకటి.

ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక ఢోక్రా బొమ్మను వేయిమంది చూచిరి, నలువదిమంది కొనిరి, అందు పండ్రెండుగురు త్రిప్పి పంపిరి. అమ్మకము మొత్తమునే చూచువాడు ‘మరిన్ని చేయుడు’ అనును. త్రిప్పి పంపినవారి సంఖ్యను మాత్రమే చూచువాడు ‘ధర తగ్గింపుడు’ అనును. త్రిప్పి పంపిన కారణములను గూడ చదివినవానికి అసలు సంగతి తెలియును: చిత్రములో బొమ్మ పెద్దదిగా తోచినది, చేతికి వచ్చినది చిన్నది. ఎత్తు ఇన్ని అంగుళములు, బరువు ఇంత అని వ్రాసిన చాలును. శిల్పి కూలిలో కోత అక్కరలేదు. తప్పు చదువు అతని అన్నమును తగ్గించును. సరియైన చదువు దానిని నిలుపును.

అంకెలను చదువుటకు పనితనమును గూడ ఎరుగవలెను. ఢోక్రాకు మొదట మట్టి దిమ్మ చేసి, దానిపై తేనెమైనపు పోగులు చుట్టి, మరల మట్టి పూసి కాల్తురు. మైనము కరగిపోయిన చోట కరిగిన ఇత్తడి నిండును. పిదప అచ్చును పగులగొట్టుదురు. ఒక అచ్చునకు ఒకే బొమ్మ. వానకాలమున మట్టి త్వరగా ఆరదు. దీపావళికి గిరాకి పెరుగుట గత సంవత్సరముల లెక్క చెప్పినచో, పురమాయింపు వేసవిలోనే చేరవలెను. భాద్రపదములో వచ్చిన ఆజ్ఞ శిల్పికి సాయము కాదు, సంకటము.

మరియొక జాగ్రత్త కలదు. సరకు లేక అమ్మకము ఆగుటయు, గిరాకి లేక అమ్మకము ఆగుటయు పట్టికలో ఒకే సున్నగా కానవచ్చును. నిల్వ లేని దినములను వేరుగా గుర్తింపనిచో, అందరు కోరిన వస్తువునే ఎవరును కోరలేదని తలచి మాన్పించు ప్రమాదమున్నది. అట్లు ఒక సున్నను తప్పుగా చదివినందున ఒక కుటుంబపు కొలిమి చల్లారవచ్చును.

చివరి ప్రశ్న మొదటి ప్రశ్నయే: ఈ తెలివిడి ఎవరి చేత ఉండవలెను? అంకెలన్నియు దూరపు నగరములో విపణి నడుపువారియొద్దనే నిలిచినచో, పాత సంతయే కొత్త వేషము ధరించినట్లగును. ఏ బొమ్మ ఎంతమంది చూచిరి, ఎందుకు త్రిప్పి పంపిరి, రానున్న పండుగకు ఎన్ని కావలెను అను మూడు ముక్కలు హల్బీలోనో గోండీలోనో శిల్పి చెవిని పడినచో, బేరమునకు అతడును సమానుడై కూర్చుండును. గంపతో సంతకు వచ్చిన స్త్రీకి నాడు అందని కబురు ఇదియే. దానిని ఆమె బిడ్డలకైనను అందింపగలిగినప్పుడే ఈ విద్య సార్థకమగును.